శ్రీమతి దుర్గాబాయమ్మగారు - దీనులకు న్యాయసేవ

వ్యాజ్యమున ఓడినవాడు కోర్టులోనే ఏడ్చును, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చును అని మన పల్లెలలో ఒక నానుడి గలదు. స్టాంపు ఖర్చులు, వకీలు ఫీజు, గుమాస్తా ఖర్చులు, వాయిదా వాయిదాకు రాకపోకలు, ఇవన్నియు భరించునప్పటికి గెలిచిన సొమ్ము కాస్తయు హరించిపోవునని దాని భావము. కలవాని సంగతియే యిట్లుండగా లేనివాని గతి యేమి? భర్త విడిచిన ఇల్లాలు మనోవర్తి కొరకును, దాయాదులు త్రోసివేసిన వితంతువు తన వాటా కొరకును, కౌలుదారు తన చేని కొరకును ఏ ధైర్యముతో కోర్టు గుమ్మమెక్కగలరు? ఈ ప్రశ్నను చెరసాలలో నెదుర్కొని, దానికి సమాధానముగా తానే న్యాయశాస్త్రము నభ్యసించిన ఒక గోదావరీ తీరపు ఆడపడుచు చరిత్రను మన గ్రంథాలయ రజతోత్సవ సంచిక పాఠకులకు సమర్పించుచున్నాము. ఆమెయే శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు.

బాల్యము

దుర్గాబాయమ్మగారు 1909వ సంవత్సరము జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. తండ్రి రామారావుగారు, తల్లి కృష్ణవేణమ్మగారు. ఆమె పెరిగినది కాకినాడలో. గోదావరి పాయల నడుమ నున్న మన కోనసీమకు ఎగువన రాజమహేంద్రవరము, ఈశాన్యమున కాకినాడ. ఈ రెండు పట్టణముల నడుమనే ఆమె బాల్యము గడచినది.

నాటి ఆచారము ననుసరించి ఎనిమిదవ యేటనే ఆమెకు వివాహము చేసిరి. ఊహ తెలిసిన పిదప, ఆ బంధము తన ఇష్టమున నేర్పడినది కాదని ఆమె గ్రహించి, తాను దేశసేవకే అంకితము కాదలచితినని ఆ భర్తకు నెమ్మదిగా తెలిపి, వేరు వివాహము చేసికొమ్మని చెప్పి విడిపోయిరి. అందు ద్వేషమునకు తావు లేదు. ఆయన మరణించిన తరువాత ఆయన రెండవ భార్య దిక్కులేనిది కాగా, దుర్గాబాయమ్మగారే ఆమెను చేరదీసి, పని నేర్పించి, తన కాళ్ళపై తాను నిలుచునట్లు చేసిరి. తనవలె మరియొక స్త్రీ యిక్కట్లు పడుట చూచి ఊరకుండలేని స్వభావము వారిది.

పండ్రెండవ యేట పరభాషలో బోధన చేయుటకు నిరసనగా బడి విడిచిరి. తరువాత హిందీ నేర్చి, బాలికలకు హిందీ పాఠశాల నడపిరి. 1921లో గాంధీ మహాత్ముడు కాకినాడకు వచ్చినప్పుడు, సమాజము దూరముగా నుంచిన దేవదాసీలును, ఘోషాలో నున్న మహమ్మదీయ స్త్రీలును ఆ మహనీయుని మాటలు వినవలెనని ఆమె పట్టుపట్టిరి. అందుకు నిర్వాహకులు ఐదువేల రూపాయల నిధిని కోరగా ఆ స్త్రీల యొద్దనే పోగుచేయించి సభ జరిపించిరి. తన చేతి బంగారు గాజులను గూడ అర్పించిరి. కోరి చేసిన దానము ఎంతటి పనినైనను సాగించునని ఆమె ఆ వయస్సుననే తెలిసికొనిరి.

1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు పదునాలుగేండ్ల దుర్గాబాయమ్మగారు ప్రదర్శనశాల ద్వారమున వాలంటీరుగా నిలిచిరి. జవహర్‌లాల్ నెహ్రూగారు టిక్కెట్టు లేక రాగా ఆమె లోనికి విడువలేదు. నిర్వాహకులు టిక్కెట్టు కొని యిచ్చిన తరువాతనే దారి యిచ్చిరి. నెహ్రూగారు కోపింపక ఆ బాలిక కర్తవ్యనిష్ఠను మెచ్చుకొనిరి. నియమము పెద్దలకును పిన్నలకును ఒక్కటే యను బుద్ధి అప్పటికే ఆమెలో నాటుకొనియున్నది.

చెరసాలలో నేర్చిన పాఠము

1930లో ఉప్పు సత్యాగ్రహము సాగినప్పుడు ఆమె మదరాసులో ఉద్యమమున ముందు నిలిచి అరెస్టయిరి. 1930 మొదలు 1933 వరకు మూడు పర్యాయములు జైలుశిక్ష ననుభవించిరి. మధుర జైలులో ఒంటరి కొట్టులో నుండవలసి వచ్చి ఆరోగ్యము గూడ చెడినది. అయినను, ఆమె జీవితమును మార్చినది తన కష్టము గాదు, వెల్లూరు జైలులో తన తోడి ఖైదీ స్త్రీలను చూచుటయే.

ఆ స్త్రీలలో చాలమంది నిరుపేదలు, చదువు రానివారు. తాము చేయని నేరమును చేసితిమని ఒప్పుకొన్నవారును, కోర్టులో తమ్ము ఏమని అడిగిరో, తాము ఏమని చెప్పితిమో యెరుగనివారును వారిలో నుండిరి. తమకొక వకీలు ఉండవచ్చునన్న సంగతియే వారికి తెలియదు. చట్టము అందరికి సమానమని పుస్తకములలో వ్రాసియున్నను, దానిని తెలిసినవాడొకడు ప్రక్కన నిలువనిచో పేదవానికి అది లేనట్లే యని దుర్గాబాయమ్మగారికి అక్కడ బోధపడినది. తాను న్యాయశాస్త్రము చదివి, ఇట్టి స్త్రీలకు ఫీజు పుచ్చుకొనక సాయపడవలెనని ఆమె నిశ్చయించుకొనిరి.

ఈ నిశ్చయములోని విశేషమును మన ప్రాంతపు చరిత్రతో పోల్చి చూడవలెను. 1920, 1921 సంవత్సరములలో సహాయనిరాకరణోద్యమము వచ్చినప్పుడు దేశభక్తులైన వకీళ్ళు కోర్టులను విడిచిరి. కాకినాడలో బులుసు సాంబమూర్తిగారు మంచి ప్రాక్టీసును త్యజించిరి. రాజమహేంద్రవరమున ప్లీడరుగా ప్రారంభించి మదరాసులో గొప్ప బారిష్టరైన టంగుటూరి ప్రకాశం పంతులుగారు వేలకు వేలు వచ్చు ఆదాయమును విడిచి, ఆర్జించిన దానిని స్వరాజ్య పత్రికకై వ్యయము చేసిరి. ఆ పెద్దలు సేవ కొరకు నల్లగౌను విడిచిరి. పది పండ్రెండేండ్ల తరువాత దుర్గాబాయమ్మగారు సేవ కొరకే ఆ గౌను తొడుగవలెనని తలచిరి. వృత్తిని వదలుటయు త్యాగమే, ఆ వృత్తిని దీనులకు వినియోగించుటయు త్యాగమే. ఈ రెండవ మార్గమే నేటి ఉచిత న్యాయసహాయమునకు పునాది.

విద్యాభ్యాసము

అప్పటికి ఆమెకు మెట్రిక్యులేషను లేదు. ఇరువది యేండ్లు దాటిన తరువాత మరల అక్షరములనుండి యన్నట్లు చదువు మొదలుపెట్టి, కాశీ హిందూ విశ్వవిద్యాలయమున మెట్రిక్యులేషను నెగ్గిరి. పిదప ఆంధ్ర విశ్వవిద్యాలయమున బి.ఏ. ఆనర్సు చదువదలచి వాల్తేరు వెళ్ళిరి. నాడు కట్టమంచి రామలింగారెడ్డిగారు వైస్ ఛాన్సలరు. స్త్రీలకు వసతిగృహము లేదు గనుక చేర్చుకొనుట కష్టమని చెప్పగా, ఆమె పత్రికలో ప్రకటన చేసి, చదువ గోరు ఆడపిల్లలను కొందరిని కూర్చుకొని, తామే వసతిగృహము నేర్పరచుకొని ప్రవేశము పొందిరి. రాజనీతి శాస్త్రమున ఆనర్సు పట్టము పొందిన తరువాత మదరాసు లా కాలేజీలో చేరి, 1942లో న్యాయవాదిగా మదరాసు హైకోర్టులో పేరు నమోదు చేయించుకొనిరి. జైలులో చేసికొన్న నిశ్చయము నెరవేరుటకు సుమారు పదేండ్లు పట్టినది.

ఈ నడుమనే 1937లో మదరాసున ఆంధ్ర మహిళాసభకు అంకురార్పణ చేసిరి. మొదట మైలాపూరులో కొద్దిమంది ఆడపిల్లలకు చదువు చెప్పుటతో ప్రారంభమైన ఆ సంస్థ, దాతల విరాళములతోను, కార్యకర్తల జీతము లేని శ్రమతోను పెరిగి, వితంతువులకును, భర్తలు విడిచిన స్త్రీలకును మెట్రిక్యులేషను చదివించి, కుట్టుపని, దాదివృత్తి మొదలైనవి నేర్పి, పాఠశాలలు, ఆస్పత్రి, కళాశాలలు గల మహాసంస్థ యయ్యెను. కోర్టులో మనోవర్తి డిక్రీ పొందినను, ఆ సొమ్ము చేతికి వచ్చు లోపల ఆ స్త్రీ తిండికి, నీడకు ఏమి చేయవలెను? న్యాయసహాయమునకు తోడుగా బ్రదుకుతెరువు గూడ చూపనిదే ఆ సాయము సగమే యగునని ఆమె అనుభవము.

నాటి చట్టము, నాటి స్త్రీ

1942 నాటికి హిందూ స్త్రీల ఆస్తిహక్కుల స్థితి యెట్లుండెనో నేటి యువతకు తెలియకపోవచ్చును. 1937లో వచ్చిన చట్టము ప్రకారము వితంతువునకు భర్త వాటా దక్కును గాని, అది జీవితకాలము వరకే. ఆమె దానిని తన ఇష్టమువచ్చినట్లు అమ్ముకొన వీలులేదు. కుమార్తెకు తండ్రి యాస్తిలో కుమారునితో సమమైన భాగము లేదు. అంతేకాదు, ఆ చట్టము వ్యవసాయ భూములకు వర్తింపదని 1941లో ఫెడరల్ కోర్టు అభిప్రాయపడినది. అనగా వరిచేను, కొబ్బరితోట తప్ప వేరు ఆస్తి లేని మనవంటి గ్రామములలో ఆ చట్టము కాగితమునకే పరిమితమైనది. 1947లో మదరాసు శాసనసభ చేసిన చట్టము మూలమున గాని అది మన పొలములకు వర్తింపలేదు.

ఇట్టి చట్టముల నడుమ పేదవాడు దావా వేయుటకు నాడు ఒకే దారి, పాపరు దావా. 1908వ సంవత్సరపు సివిల్ ప్రొసీజరు కోడులోని 33వ ఆర్డరు ప్రకారము, తనకు ఆస్తి లేదని కోర్టును ఒప్పించినవానికి కోర్టు ఫీజు ముందుగా కట్టనక్కరలేదు. అయితే తాను పాపరునని ఋజువు చేసికొనుటయే ఒక వ్యాజ్యముగా నుండెను. కోర్టు ఫీజు తప్పినను వకీలు ఫీజు తప్పదు. పాపరు అను ఆ మాటను గూడ 1976లో తొలగించి నిర్ధనుడు అను అర్థమిచ్చు మాట చేర్చిరి. నాటి దినములలో పేదవానికి వకీలు దొరకుట ఆ వకీలు దయపై ఆధారపడియుండెను. అట్టి దయాళువులు లేకపోలేదు. 1924లో బొంబాయిలో న్యాయవాదులు కొందరు చేరి పేదలకు న్యాయసహాయ సంఘమును స్థాపించిరి. ఎన్ని యున్నను, అవి ఎడారిలో చెలమలవంటివే.

దుర్గాబాయమ్మగారు న్యాయవాదిగా పనిచేసినది కొద్ది యేండ్లే. ఆ వృత్తిలో మంచి పేరు వచ్చుచుండగా, 1946లో రాజ్యాంగ పరిషత్తునకు సభ్యురాలిగా ఎన్నికై ఢిల్లీ వెళ్ళిరి. అంతటితో కోర్టులోని ప్రాక్టీసు ముగిసినది. పేద స్త్రీ కొరకు కేసు వాదించుటకు బయలుదేరిన ఆమె, ఆ కేసు నడచు చట్టమునే సరిచేయు పనికి పూనుకొనిరి.

చట్టసభలలో

రాజ్యాంగ పరిషత్తు అధ్యక్షులకు తోడ్పడు సభాధ్యక్షుల పట్టికలో చేరిన ఏకైక స్త్రీ ఆమెయే. హిందూ కోడుపై జరిగిన చర్చలలో కుమార్తెలకు ఆస్తిలో భాగముండవలెనని గట్టిగా వాదించిరి. ఆ కోడు ఒకేసారి నెగ్గలేదు. ముక్కలుగా విడివడి 1955, 1956 సంవత్సరములలో శాసనములైనది. 1956వ సంవత్సరపు వారసత్వ చట్టముతో వితంతువు వాటాకు జీవితకాలపు పరిమితి తొలగి సంపూర్ణ హక్కు వచ్చినది. ఆపైన 1985 సెప్టెంబరు 5వ తేదీ నుండి వర్తించునట్లు ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ వలనను, 2005లో కేంద్రము చేసిన సవరణ వలనను కుమార్తెలకు ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో పుట్టుకతోనే హక్కు సంక్రమించినది.

1952 ఎన్నికలలో దుర్గాబాయమ్మగారు ఓడిపోయిరి. అయినను నెహ్రూగారు వారిని ప్రణాళికా సంఘమునకు సభ్యురాలిగా తీసికొనిరి. 1953 జనవరి 22న నాటి ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్ గారితో వివాహము జరిగినది. ఆ యేడే కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడగా దానికి మొదటి అధ్యక్షురాలైరి. చదువు మధ్యలో ఆగిన వయోజన స్త్రీలు కొద్దికాలములో పరీక్షకు సిద్ధపడునట్టి సంక్షిప్త విద్యాపథకమును ఆ మండలి 1958లో ప్రారంభించినది. స్త్రీవిద్యపై ఏర్పడిన జాతీయ సంఘమునకు గూడ ఆమె అధ్యక్షత వహించిరి.

1953లో చైనా దేశమునకు వెళ్ళినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానములను చూచి వచ్చిరి. ఆలుమగల తగవు, మనోవర్తి, పిల్లల సంరక్షణ మొదలైన విషయములు ఇతర దావాలతో కలసి యేండ్ల తరబడి నలుగరాదనియు, వాటికి వేరుగా న్యాయస్థానములుండి రాజీకి ముందు ప్రయత్నింపవలెననియు భావించి, ఛాగ్లా, గజేంద్ర గడ్కర్ వంటి న్యాయమూర్తులతోను, నెహ్రూగారితోను సంప్రదించిరి. ఆ ఆలోచన ఫలించుటకు మూడు దశాబ్దములు పట్టినది. కుటుంబ న్యాయస్థానముల చట్టము 1984లో వచ్చినది. దానిని చూచుటకు ఆమె లేరు. 1975లో పద్మవిభూషణ బిరుదము పొందిన దుర్గాబాయమ్మగారు 1981 మే 9వ తేదీన స్వర్గస్థులైరి.

ఆమె తలపు నేడు

వెల్లూరు జైలులో ఆమె ఒంటరిగా తలచిన దానిని దేశము కాలక్రమమున ఒప్పుకొన్నది. పేదలకు న్యాయసహాయము దానధర్మము గాదు, రాజ్యము బాధ్యత యని 1958లో లా కమిషను తన నివేదికలో తెలిపి, న్యాయవాదులు గూడ తమ వంతు సేవ చేయవలెనని కోరినది. 1976లో రాజ్యాంగమున 39ఏ అధికరణము చేరినది. 1987లో న్యాయసేవాధికార సంస్థల చట్టము వచ్చి, 1995 నవంబరు 9 నుండి అమలులోనికి వచ్చినది.

ఈ చట్టము ప్రకారము స్త్రీలకును, పిల్లలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని, వికలాంగులకును, పారిశ్రామిక కార్మికులకును, ప్రకృతి వైపరీత్య బాధితులకును ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయము లభించును. ఇతరులకు ప్రభుత్వము నిర్ణయించిన ఆదాయ పరిమితి కలదు. కోర్టు ఫీజు, వకీలు ఫీజు, కాగితముల నకళ్ళ ఖర్చు, అన్నియు సంస్థయే భరించును. లోక్ అదాలతులో రాజీపడిన తగవునకు కోర్టు డిక్రీతో సమానమైన విలువ గలదు. దానిపై అప్పీలు లేదు. అంతకుముందు కట్టిన కోర్టు ఫీజు తిరిగి వచ్చును. 1996 నవంబరు 6వ తేదీనాటి తుపానున కొబ్బరితోటలు, ఇండ్లు, ఆప్తులను పోగొట్టుకొన్న మన కోనసీమవారికి ప్రకృతి వైపరీత్య బాధితులన్న మాట యెంత బరువైనదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ సహాయము నడచుట న్యాయవాదుల చేతులలో నున్నది. సంస్థ పట్టికలో చేరిన వకీళ్ళకు ముట్టునది స్వల్పమైన పారితోషికము; ఏమియు పుచ్చుకొనక వాదించువారును కలరు. డబ్బు ఇచ్చుకొనలేని దీనులకు ఉచితముగా సాయపడుట న్యాయవాది సమాజమునకు తీర్చవలసిన మిక్కిలి ఉన్నతమైన ఋణములలో నొకటియని బార్ కౌన్సిల్ నియమములే ఘోషించుచున్నవి. కాలము ఈయలేనివారు ధనమీయవచ్చును. జాతీయ, రాష్ట్ర, జిల్లా న్యాయసహాయ నిధులకు ఎవరైనను విరాళమిచ్చుటకు చట్టము వీలు కల్పించినది. మన కందికుప్ప గ్రామమున 1939లో జన్మించిన న్యాయవాది బొజ్జా తారకంగారు 1985లో కారంచేడు దారుణమునకు నిరసనగా ప్రభుత్వ ప్లీడరు పదవికి రాజీనామా యిచ్చి, బాధితుల పక్షమున నిలిచిరి. ఇట్టి వారిని కన్న నేల మనది.

ఊరకే వచ్చు వకీలు శ్రద్ధగా పనిచేయునా యని సందేహించువారు గలరు. ఆ సందేహము పూర్తిగా నిరాధారమని చెప్పలేము. ఫీజు నిచ్చు కక్షిదారుని వాయిదాకు వెళ్ళి, ఉచితపు కక్షిదారుని వాయిదాకు వెళ్ళని వకీలు ఒక్కడున్నను ఆ చట్టము పరువు పోవును. దుర్గాబాయమ్మగారు ఉచిత సేవను తక్కువ సేవగా నెన్నడును ఎంచలేదు. ఎదుటనున్నది నెహ్రూగారైనను, పేరు లేని ఖైదీ స్త్రీయైనను ఒకే నియమము పాటించుట వారి పద్ధతి. న్యాయవాద వృత్తిలో నున్న మన గ్రామపు యువకులును యువతులును దీనిని గుర్తుంచుకొందురుగాక.

గ్రామస్థులమైన మనము చేయవలసినదియు గలదు. వెల్లూరు జైలులోని స్త్రీలకు తమకొక వకీలు ఉండవచ్చునని తెలియకపోవుటయే వారి ప్రథమ దౌర్భాగ్యము. నేడు చట్టమున్నది, అమలాపురము, రాజోలు, కొత్తపేటలలో న్యాయస్థానములున్నవి, తూర్పు గోదావరి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆమె పుట్టిన రాజమహేంద్రవరముననే యున్నది, 15100 అను టెలిఫోను నంబరు దేశమంతట పనిచేయుచున్నది. అయినను, మన వీధిలోనే మనోవర్తికి నోచుకొనని ఇల్లాలికిని, భాగము దక్కని ఆడపడుచునకును ఈ సంగతి తెలియనిచో ఆ జైలుగోడ ఇంకను నిలిచియున్నట్లే. చదువు వచ్చినవారు గ్రంథాలయమునకు వచ్చి ఈ చట్టములను చదివి, రానివారికి చదివి వినిపించుట మన చేతనైన న్యాయసేవ. కోర్టులో వాదించుటకు పట్టము కావలెను గాని, ఒక అక్కకు ఆమె హక్కును తెలియజెప్పుటకు పట్టము అక్కరలేదు. రజతోత్సవము జరుపుకొనుచున్న మన గ్రంథాలయము ఈ పనికి ఒక బల్లయు, వారమునకొక సాయంత్రమును కేటాయించినచో దుర్గాబాయమ్మగారికి అంతకంటె తగిన స్మారకము వేరుండదు.